పక్కన కూర్చునే ఉద్యోగం

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, కూర్చోవడం అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు. సిరిసిల్లలో కూర్చున్నాను, కోరుట్లలో కూర్చున్నాను, చివరికి జగిత్యాలలో కూర్చుని కూర్చుని అక్కడే రిటైరయ్యాను. అన్నీ సర్కారు బడులే. అన్నీ ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల బెంచీలే. వాటి ఎత్తు జానెడున్నర. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఎత్తులోనే లోకాన్ని చూశాను.

రిటైరైన రోజు తోటి టీచర్లు శాలువా కప్పి, చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి బహుమతిగా ఇచ్చారు. "గిప్పుడన్న మంచిగ కూసో మేడం" అన్నారు. ఇంటికి తెచ్చి కూర్చుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు దాని మీద మా పిల్లి పడుకుంటోంది. నేను పక్కన పీట వేసుకుంటున్నాను.

కాగితాల మీద నా పనికి పొడుగాటి పేరుంది, నాకే నోరు తిరగదు. పిల్లలు మాత్రం 'పక్క టీచర్' అని తేల్చేశారు. భయం ఎక్కువైన పిల్లలు, కోపం పట్టలేని పిల్లలు, మాట లోపలే ఉండిపోయిన పిల్లలు ప్రతి బడిలో ఇద్దరు ముగ్గురుంటారు. క్లాసు టీచరు ముందు నిలబడి పాఠం చెబుతుంటే, నేను అలాంటి ఒకరి పక్కన కూర్చుని ఆ రోజు గడిచేలా చూడాలి. అంతే పని. కొందరు తల్లిదండ్రులు నన్ను ఆయమ్మ అనుకునేవారు. కొత్తగా చేరిన ఒక పిల్లవాడైతే వెనక బెంచీలో నన్ను చూసి జాలిగా, "నువ్వు ఎన్నిసార్లు ఫెయిలయినవ్?" అని అడిగాడు. వాడికి అప్పుడు సమాధానం చెప్పలేదు. నిజం చెప్పాలంటే చాలాసార్లు ఫెయిలయ్యాను.

మొన్న ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు జగిత్యాలలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నోటుపుస్తకాలు తెరిచి, పెన్నుల మూతలు తీసి, "టెక్నిక్కులు చెప్పున్రి మేడం" అన్నారు. నాకు నవ్వు ఆగక చాయ్ కాస్తా చీర మీద ఒలికింది. పాపం, వాళ్లు చిన్నబుచ్చుకున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో టెక్నిక్కులు లేవు. రెండు తప్పులున్నాయి. రెండూ నావే.

సిరిసిల్లలో నా చీర పరుగు

మొదటి పోస్టింగు సిరిసిల్ల, అంటే మా పుట్టిల్లే. మా నాయన సాంచెల మీద పనిచేసినవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. మా వాడలో పొద్దస్తమానం టకటకమని మోత. ఆ మోతలో ఎవరికీ మెల్లగా మాట్లాడే అలవాటుండదు. పెళ్లిచూపులు జరుగుతున్నా బయటివాళ్లకు పోట్లాటలాగే వినిపిస్తుంది. ఇదంతా తెలిసి పుట్టి పెరిగినదాన్ని, మూడు రోజుల ట్రైనింగుకు వెళ్లి మొత్తం మరిచిపోయి వచ్చాను.

ట్రైనింగులో చెప్పిందేమిటంటే, కలవరపడిన పిల్లలకు క్లాసులో ఒక ప్రశాంతమైన మూల ఉండాలట. నాకు ఆ మాట తెగ నచ్చింది. ఇంట్లో ఉన్న పూల చీర తెచ్చి మూలకు అడ్డం కట్టాను. చాప వేశాను, దిండు పెట్టాను. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కి బయటి సప్పుడు రాకుండా చేశాను. అంత గొప్ప మూల మా జిల్లాలోనే లేదని నా నమ్మకం.

దాన్ని అజయ్ కోసం కట్టాను. ఏడేళ్ల వాడు, సాంచెల కార్మికుల బిడ్డ. అందరూ గోల చేస్తున్నప్పుడు బుద్ధిగా ఉండేవాడు. క్లాసు నిశ్శబ్దమైతే చాలు, బెంచీ గుద్దడం, పలకలు విసరడం మొదలుపెట్టేవాడు. అక్కడి హెడ్మాస్టరుకు నిశ్శబ్దమంటే ప్రాణం. "ఈగ ఎగిరినా నాకు ఇనవడాలె" అనేవాడు. అందుకని అజయ్ రోజూ దెబ్బలు తినేవాడు.

ఒకరోజు వాడు బెంచీ గుద్దుతుంటే మెల్లగా నడిపించుకుని నా మూలలోకి తీసుకుపోయాను. తెర దించాను. ఒక్క నిమిషం గడిచిందో లేదో, వాడు నా మణికట్టు కొరికి, చీరను తెంపుకుని, అది మెడకు చుట్టుకుని ఉండగానే గేటు దాటి పరిగెత్తాడు. వెనక నేను. బజారులో ముందు నా పూల చీర పోతోంది, వెనక నేను "పట్టున్రి, పట్టున్రి" అంటూ పోతున్నాను. జనం దొంగ అనుకుని నాతో పాటు పరుగు తీశారు. నలుగురు మగవాళ్లు, ఒక కూరగాయల బండి ఆమె, నేను, మొత్తం ఊరేగింపు వెళ్లి ఒక సాంచెల షెడ్డు ముందు ఆగింది.

అజయ్ లోపల వాళ్ల అమ్మ పక్కన, సాంచె కింద, నా చీర కప్పుకుని హాయిగా కూర్చున్నాడు. ఆమె కండెలు చుడుతోంది, అంటే మగ్గంలోకి పోయే దారాన్ని చిన్న కండెకు ఎక్కిస్తోంది. నేను ఆ మోతలో గొంతు చించుకుని నా ప్రశాంతమైన మూల గురించి వివరించాను. ఆమె చేయి ఆపకుండానే నవ్వింది.

"సప్పుడు బందయితె వానికి పానం కొట్టుకుంటది టీచర్. సాంచెలు ఆగినయంటె పని బందయినట్టు. గప్పుడు వాళ్ల నాయిన మొకం సూసి వీడు మూలకు పోయి కూసుంటడు. మీరు గూడ మూలకే కూసోవెట్టిన్రా?"

ఆ రాత్రి మా అమ్మకు చెప్పుకున్నాను. "నువ్వు పండుకున్నదే సాంచెల సప్పుడుల గదనే, గది గూడ యాదికి రాలేదా?" అంది. నాకు నిజంగా సిగ్గేసింది. వాడికి ఏది భయమో దాన్నే దిండు వేసి, పూల తెర కట్టి మరీ బహుమతిగా ఇచ్చాను.

మర్నాడు కిటికీలో గుడ్డలు పీకేసి, అజయ్‌ను రోడ్డు వైపు, అవతలి సాంచెల షెడ్డుకు ఎదురుగా కూర్చోబెట్టమని అడిగాను. "గాడ మోత అస్తది గదమ్మా" అన్నాడు హెడ్మాస్టరు. "మోతే కావాలె సార్" అన్నాను. నా పక్కన కూడా ఒక సహాయకురాలిని కూర్చోబెట్టాలేమో అన్నట్టు చూశాడు కానీ, ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి అజయ్ సాంచె దెబ్బకు దెబ్బ కలిపి ఎక్కాలు చెప్పేవాడు. పద్దెనిమిదో ఎక్కం వరకు వచ్చి, ఇంక మీకు రావని మమ్మల్నే వెక్కిరించాడు.

కూర్చునే పద్ధతి

అమ్మాయిలూ, పెన్ను మూత ఇక్కడ తీయండి.

ఎదురుగా కూర్చోకండి. ఎదురుగా కూర్చున్నవాళ్లు పోలీసులు. పక్కన కూర్చోండి, ఇద్దరూ ఒకే వైపు చూసేలా. వాళ్ల ఎత్తులోనే కూర్చోండి. మోకాళ్లు పోతాయి, నావి పోయాయి. వాళ్లను తాకకండి. మీ అరచేయి మాత్రం వెల్లకిలా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టి మరిచిపోండి. పిల్ల చేయి వచ్చి అందులో పడటానికి నెల పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. పడినప్పుడు అటు చూడకండి, మెచ్చుకోకండి, బోర్డు మీద అక్షరాలు చూస్తున్నట్టే ఉండండి. నా అరచేతిలో రబ్బరు ముక్కలు పడ్డాయి, రేగు గింజలు పడ్డాయి, ఊడిన పాలపన్ను పడింది, ఒకసారి బతికున్న బల్లి పడింది. బల్లి పడినప్పుడు నేను బోర్డు చూస్తూ ఉండలేకపోయాను, అది ఒప్పుకుంటాను.

ఇంత తెలిసినదాన్ని కోరుట్లలో ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

కోరుట్లలో సహస్ర

కోరుట్ల బడి హెడ్మాస్టరు మల్లేశం సారు. గేటు పక్కన 'బడి ఆవరణలో ఫోను నిషేధం' అని ఎర్ర రంగుతో ఆయనే స్వయంగా బోర్డు రాసుకున్నాడు. రోజూ సాయంత్రం నన్ను పిలిచి ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఇయ్యాల ఏం జేసినవ్ రాజమణమ్మా?"

"కూసున్న సార్."

"మంచిగ కూసున్నవా?"

"మంచిగనే కూసున్న."

"అయితె పో."

ఏం చేశావని అడిగే పైవాళ్లను చాలామందిని చూశాను. కూర్చున్నానంటే అది పనేనని ఒప్పుకున్నవాడు ఆయన ఒక్కడే. మీకు అలాంటి మనిషి దొరికితే బదిలీ అడక్కండి.

సహస్ర ఒకటో తరగతిలో చేరింది. బడిలో ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎవరైనా గట్టిగా పిలిస్తే బెంచీ కిందికి దూరి, తన చేతి మణికట్టు తానే కొరుక్కునేది. చిన్న చిన్న పళ్ల గాట్లు ఎప్పుడూ ఉండేవి. వాళ్లది మేడిపల్లి దిక్కు. తల్లి లావణ్య బిడ్డ చదువు కోసం కోరుట్లలో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. తండ్రి గంగాధర్ సౌదీలో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. పిల్లకు రెండేళ్లప్పుడు వచ్చి నాలుగు రోజులుండి పోయాడట. ఆమెకు ఆ సంగతి గుర్తే లేదు.

కానీ ఇంట్లో సహస్ర వేరే మనిషి. ఒక సాయంత్రం వాళ్ల గదికి వెళ్లి చూసి నోరు తెరిచాను. వీడియో కాల్‌లో తండ్రితో గలగలా మాట్లాడుతోంది. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పుతోంది. "బాపూ, గిది కొత్త చీపురు. బాపూ, గిది మన బల్లి" అని ప్రతి వస్తువునూ చూపిస్తోంది. నన్ను కూడా చూపించింది. "గిది మా పక్క టీచర్, పాట మంచిగ పాడది" అంది. మాటలయ్యాక తనే ఫోనుకు ఛార్జింగు పెట్టి, దాని పక్కనే కాపలా కూర్చుంది.

"గది నిండితెనే బాపు మల్ల అస్తడని దాని లెక్క టీచర్" అంది లావణ్య.

ఒకటో తరగతి ఏడాదంతా ఆమె పక్కన కూర్చున్నాను. దసరా సెలవులయ్యాక ఒకరోజు, ఎండాకాలం పాఠం నడుస్తుండగా, ఆమె చేయి వచ్చి నా అరచేతిలో పడింది. నేను బోర్డే చూస్తున్నాను. కళ్లనిండా నీళ్లు, బోర్డు ఎక్కడుందో కనిపించలేదు. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు. ఇది మా ఆయనకు తెలుసు.

రెండో తరగతికి వచ్చాక నా చెవిలో ఒకటి రెండు మాటలు చెప్పడం మొదలైంది. ఒకరోజు మొత్తం వాక్యం చెప్పింది. "మా బాపు అస్తుండు."

నా ఘనకార్యం

గంగాధర్ రెండు నెలల సెలవు మీద వస్తున్నాడు. లావణ్య నన్ను సలహా అడిగింది, ఫోన్ సంగతి ఏం చేయాలని. నేను ఆలోచించనైనా ఆలోచించలేదు.

"మనిషే అచ్చినంక ఫోనెందుకు లావణ్యా? బీరువల పెట్టి తాళమెయ్. లేకుంటె గా ఫోన్ల మొకమే సూస్తది, ఈ మొకం సూడది."

ఆ మాట నాకెంత నచ్చిందంటే, మధ్యాహ్నం అన్నాల దగ్గర మిగతా టీచర్లకు కూడా చెప్పాను. వాళ్లు తలలూపారు.

గంగాధర్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, బుర్ర మీసాలు, గుప్పుమనే సెంటు. మాట్లాడే బొమ్మ, చాక్లెట్ల డబ్బాలు తెచ్చాడు. సహస్ర మంచం కిందికి పోయింది. మొదటి రోజు అలాగే ఉంటుందిలే అనుకున్నాం. రెండో రోజు దిండ్ల కింద, బియ్యం డబ్బాలో ఏదో వెతుక్కుంది. మూడో రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు. బడిలో మళ్లీ బెంచీ కిందికి చేరింది. మణికట్టు మీద మళ్లీ గాట్లు పడ్డాయి. నా అరచేయి రోజంతా ఖాళీగా ఉండేది. ఏడాది కష్టం పది రోజుల్లో పోయింది.

పదో రోజు గంగాధర్ బడికి వచ్చాడు. ఖర్జూరాల పొట్లం పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.

"టీచర్, నా బిడ్డ నన్ను దొంగను సూసినట్టు సూస్తుంది. అయిదేండ్ల సంది ఈ రెండు నెలల కోసమే సూసిన. మల్ల నేనచ్చేసరికి ఎంత పెద్దగయితదో ఏమో. పోయేలోపల ఒక్కసారి నా ఏలు పట్టుకుంటె సాలు. ఇంకేమద్దు."

ఆ గొంతు విన్నాక నాకు బెంచీ మీద కూర్చోబుద్ధి కాలేదు. అప్పటికి నాకు యాభై దాటాయి, ఒళ్లు కూడా వచ్చింది. అయినా లోపలికి పోయి, సహస్ర ఉన్న బెంచీ కిందికే దూరి పడుకున్నాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. చాలాసేపు ఇద్దరం బెంచీ అడుగున అంటించిన బబుల్‌గమ్ములు చూస్తూ ఉన్నాం. తర్వాత ఆమె నా చెవి దగ్గరికి జరిగింది.

"గాయిన అచ్చినంక మా బాపు అస్తలేడు టీచర్. గాయిన మా బాపును ఏం జేసిండు?"

నాకు అప్పుడు అర్థమైంది. ఆమెకు తండ్రి అంటే అరచేతంత మనిషి. రోజూ వచ్చి మాట్లాడేవాడు. ఎవరో ఆరడుగులాయన ఇంట్లోకి వచ్చిన రోజే బాపు మాయమయ్యాడు. నేను ఆమె తండ్రినే బీరువాలో పెట్టించి తాళం వేయించాను. సిరిసిల్లలో మూల, కోరుట్లలో బీరువా, పేరు మారిందంతే.

వెంటనే లేచి పరిగెత్తి లావణ్యకు చెప్పాలనుకున్నాను. లేవడానికి వీలు కాలేదు. బెంచీ కింద ఇరుక్కుపోయాను. చివరికి మల్లేశం సారు, ఇద్దరు టీచర్లు కలిసి బెంచీ ఎత్తితే బయటపడ్డాను.

"గిదేం కూసునుడు రాజమణమ్మా?" అన్నాడు సారు.

"ఇయ్యాల పండుకున్న సార్" అన్నాను. సహస్ర నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పది రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

గోడకు ఇటు, గోడకు అటు

బీరువా తాళం తీస్తే సరిపోదు, ఫోనులో ఉన్న బాపుకూ ఇంట్లో ఉన్న ఆయనకూ మధ్య దారి వేయాలి. సహస్ర నా పక్కన ధైర్యంగా ఉంటుంది కాబట్టి ఆ పని బడిలోనే చేయాలన్నాను. మల్లేశం సారు గేటు దగ్గరికి వెళ్లి తన బోర్డును కాసేపు చూశాడు. భుజం మీది కండువా తీసి దాని మీద కప్పేశాడు. లావణ్య ఫోనులో సిగ్నలు సరిగ్గా లేకపోతే ఆయన ఫోన్‌లోంచే హాట్‌స్పాట్ ఇచ్చాడు.

సహస్ర, నేను క్లాసులో. గోడకు అవతల హెడ్మాస్టరు గదిలో గంగాధర్. గది గుర్తుపట్టకుండా అతని వెనక ఒక దుప్పటి కట్టాం. ఫోను మోగింది. అందులో బాపు ముఖం కనిపించగానే ఆ పిల్ల మొహం చూడాలి మీరు. పది రోజుల ఆకలి ఒక్కసారి తీరినట్టయింది. ముందు బాగా తిట్టింది.

"ఏడికి పోయినవ్ ఇన్నొద్దులు?"

"గీడనే ఉన్న బిడ్డా."

"బాపూ, మనింట్లకు ఒకాయన అచ్చిండు."

"ఎట్లుంటడు?"

"నీ లెక్కనే ఉంటడు. గని మస్తు పెద్దగుంటడు."

"మంచోడేనా?"

"ఏమో. సెంటు వాసనస్తడు. గురక పెడుతడు. అమ్మ కోడికూర ముక్కలన్ని ఆయనకే ఏస్తది."

గోడ అవతల నుంచి ఏదో వింత మోత వచ్చింది. మల్లేశం సారు నవ్వు ఆపుకోవడానికి హాజరు పట్టీని మొహానికి అడ్డం పెట్టుకున్నాడట. గంగాధర్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి.

"మరేం జేద్దాం బిడ్డా?"

"నువ్వచ్చి ఎల్లగొట్టు."

"అస్త. గని గంత పెద్దోన్ని ఎల్లగొట్టాల్నంటె నేను గూడ పెద్దగ గావాలె గదా. రోజింత దగ్గరికి అస్త. అచ్చినకొద్ది పెద్దగయిత. సరేనా?"

సహస్ర ఆలోచించింది. "సరే. గని ఒక్కసారే పెద్దగ గాకు" అంది.

ఆ ఆలోచన నాది కాదు. ఏ ట్రైనింగులోనూ లేదు. ట్యాంకరు నడిపే మనిషికి ఆ నిమిషంలో తట్టింది. అమ్మాయిలూ, ఇది రాసుకోండి, తల్లిదండ్రులు మనకంటే తెలివైనవాళ్లు, మనం సలహాలు ఇవ్వకుండా ఉంటే.

మర్నాటి నుంచి గంగాధర్ సెంటు మానేశాడు. ఒకరోజు వరండా చివర నుంచి ఫోన్ చేశాడు. ఒకరోజు వేపచెట్టు కింద నుంచి. ఫోనులో అతని వెనక బడి గంట కనిపించి, "గది మా గంటనే" అంది సహస్ర. ఒకరోజు ఏకంగా కిటికీ అవతల నుంచి చేశాడు. రెండు ఫోన్లు దగ్గరయ్యేసరికి కూయ్‌మని ఒకటే మోత. బాపు గొంతు ఫోనులోంచీ, కిటికీలోంచీ రెండువైపులా వస్తోంది. ఆమె ఫోను చూసింది, కిటికీ చూసింది, మళ్లీ ఫోను చూసింది.

"బాపూ, ముక్కు పట్టుకో" అంది.

ఫోనులో బాపు ముక్కు పట్టుకున్నాడు. కిటికీలో ఆయన కూడా ముక్కు పట్టుకున్నాడు.

"ఒక్క కాలు మీద నిలవడు."

ఇద్దరూ ఒంటికాలి మీద నిలబడ్డారు. సహస్ర బడిలో గొంతెత్తి మాట్లాడటం అదే మొదటిసారి. అది విని మిగతా పిల్లలంతా ఎందుకైనా మంచిదని ముక్కులు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డారు. క్లాసు టీచరు నిలబడింది. ఏం జరుగుతోందో చూద్దామని వచ్చిన మల్లేశం సారు కూడా గుమ్మంలో కాలెత్తాడు. ఆ నిమిషంలో తనిఖీకి ఎవరైనా వచ్చి ఉంటే మా అందరి ఉద్యోగాలూ పోయేవి.

సహస్ర అందరినీ ఒకసారి చూసి, కాల్ కట్ చేసి, పలక తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. గంగాధర్ ఇంకా ముక్కు పట్టుకునే ఉన్నాడు.

"ఏమాయె టీచర్?" అన్నాడు.

"ఏం గాలే. కాలు కింద పెట్టు" అన్నాను.

మిగిలిన రోజులు

ఆ రోజు నుంచి పెద్దాయనే బాపు అని ఆమె ఒప్పుకుంది. అయితే ఫోనులో మాత్రమే మాట్లాడేది. ఒకే గదిలో ఈ గోడకు ఆమె, ఆ గోడకు ఆయన, ఇద్దరి చేతుల్లో ఫోన్లు. అన్నం తినేటప్పుడు, "బాపూ, పప్పు ఇటియ్యి" అని ఫోనులో చెప్పేది. ఎదురుగా ఉన్న బాపు గిన్నె ఇటు జరిపేవాడు. మూరెడు దూరం కంటే దగ్గరికి రానిచ్చేది కాదు. "గదిల ఉన్నది ముగ్గురం, రెండు ఫోన్లు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు టీచర్" అనేది లావణ్య. బడిలో కూడా రోజూ మధ్యాహ్నం ఒక కాల్ ఉండేది. అది అయ్యాక సహస్ర ఫోన్ తీసుకెళ్లి హెడ్మాస్టరు గదిలో స్విచ్ బోర్డు కింద ఛార్జింగు పెట్టేది. మల్లేశం సారు తన ఫోన్ పీకి ఆమెకు చోటిచ్చేవాడు.

సెలవు అయిపోతోంది. ఆమె అతని వేలు పట్టుకోలేదు. నాకు రోజుకో సలహా నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేదాన్ని. ఆ నెలా, నెలన్నర ఏమీ చెప్పకుండా ఉండటం నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన కష్టమైన పని.

ఆఖరి రోజు రానే వచ్చింది. ఎయిర్‌పోర్టుకు పోయే కారు బడి గేటు ముందు ఆగింది. పెట్టెలు పైన కట్టి ఉన్నాయి. గంగాధర్ క్లాసు గుమ్మంలో నిలబడి ఫోన్ చేశాడు. సహస్ర బెంచీ మీద నా పక్కనుంది, చేతిలో లావణ్య ఫోన్.

"పోయస్త బిడ్డా" అన్నాడు.

ఆమె ఏదో చెప్పబోయింది. అంతలో ఫోన్ ఆరిపోయింది. పొద్దుటి నుంచి సర్దుళ్ల హడావుడిలో లావణ్య ఛార్జింగు పెట్టడం మరిచిపోయింది. నల్లటి అద్దంలో సహస్ర ముఖం మాత్రమే కనిపిస్తోంది. ఇక ఈ పిల్ల బెంచీ కిందికే అనుకున్నాను. గంగాధర్ పది అడుగుల దూరంలో నిలబడి, "హలో, హలో బిడ్డా" అంటూనే ఉన్నాడు.

సహస్ర ఫోను బెంచీ మీద పెట్టింది. లేచింది. నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, తలెత్తి అతన్ని చూసింది. అతని చిటికెన వేలు పట్టుకుని లాగింది.

ఆరడుగుల మనిషి వంగిపోయి ఆమె వెనక నడిచాడు. నేనూ వెళ్లాను. ఆమె నేరుగా హెడ్మాస్టరు గదిలోకి తీసుకుపోయింది. మల్లేశం సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె తండ్రిని స్విచ్ బోర్డు కింద నిలబెట్టి, "కూసో" అంది. అతను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆమె మునివేళ్ల మీద లేచి స్విచ్ వేసింది.

"లేవకు. ఛార్జింగ్ ఎక్కుతుంది" అంది.

బయట కారు హారన్ మోగింది. మల్లేశం సారు గబగబా గేటు దగ్గరికి పోయాడు. "జర ఆగు బాబూ, మనిషి ఛార్జింగుల ఉన్నడు" అనడం కిటికీలోంచి వినిపించింది. డ్రైవరు ఏమన్నాడో వినిపించలేదు. విమానం అందిందిలెండి, కంగారు పడకండి.

సహస్ర తండ్రి పక్కన కూర్చుంది. ఎదురుగా కాదు, పక్కన, ఇద్దరూ ఒకే వైపు చూసేలా. మధ్యలో జానెడు జాగా వదిలింది. తర్వాత తన చిన్న అరచేయి వెల్లకిలా నేల మీద ఇద్దరి మధ్యా పెట్టి, ఎదురు గోడ మీది క్యాలెండరు చూడసాగింది.

గంగాధర్‌కు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను నా ఒక అరచేతి మీద రెండో చేయి వేసి చూపించాను. అతను తన చేయి మెల్లగా దించాడు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన ఆ చేతి కింద ఆమె అరచేయి మణికట్టు దాకా దాగిపోయింది. పాత పళ్ల గాట్లు కూడా దాని కిందే ఉన్నాయి. ఆమె అటు చూడలేదు. క్యాలెండరే చూస్తోంది, నేను బోర్డు చూసినట్టే. ఆ గదిలో ఇక నాకు పని లేదు, నా ఇరవై ఏళ్లలో అంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.

చాలాసేపటికి గంగాధర్ మెల్లగా అడిగాడు.

"ఎంతయింది బిడ్డా?"

"పది" అంది సహస్ర. "నూరయినంక పో."